నలభై ఒక్క గడపలు

సభ్యుల వసతి గృహం, మూడో అంతస్తు
సోమవారం

అన్నయ్యా,

నిన్న ఫోను చేస్తే నాలుగుసార్లు ఊఁ అన్నావు, ఒకసారి దగ్గావు, ఫోను వదిన చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీదయితే నీకు కాస్త నోరుంటుంది. వదినకు మాత్రం ఎక్కడైనా ఉంటుంది. సభలో అంతసేపు మాట్లాడతావు గానీ మా వీధి కుళాయికి నీళ్ళు రప్పించలేవా అని పావుగంట దులిపింది. కుళాయి సంగతి చూస్తానని చెప్పు. ఈ ఉత్తరం దానికోసం కాదు.

మీ ఊళ్ళో కాలువ వీధి పోతోంది. కొత్త రోడ్డు దాని మీదుగా గీశారు. అరవై ఇళ్ళు. పందొమ్మిది ఇళ్ళకు నోటీసులు వెళ్ళాయి. వాళ్ళను పిలిచి మాట వింటారు, వేరే చోటు ఇస్తారు. మిగతా నలభై ఒక్కటీ, ముప్పై ఏళ్ళ కిందటి కొలతలతో గీసిన ఆ ప్లానులో, ఇళ్ళు కావు. ఖాళీ స్థలం అని ఉంది. ఖాళీ స్థలానికి నోటీసు ఎందుకు, యంత్రం వస్తే చాలు. ఇంకా పది వారాలుంది.

ఆ నలభై ఒక్క ఇళ్ళలోనూ ఉన్నది ఆడవాళ్ళు. ఒకప్పుడు మిల్లులో పనిచేసినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, అసలు పెళ్ళే వద్దనుకున్నవాళ్ళు. మగవాడి పేరున్న ఇల్లు ప్లానులో ఉంది, లేని ఇల్లు లేదు. నేను పెట్టిన సవరణ బిల్లు సరిగ్గా దీని గురించే. ఏ వీధి కొలిచినా ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి పేరు రాయాలి, ఆమె మాట వినకుండా ఏ ప్లాను మీదా సంతకం పడకూడదు. రెండు పేజీల బిల్లు. దాన్ని కమిటీకి పంపారు. కమిటీకి పంపడమంటే అటకెక్కించడమని ఇక్కడ అందరికీ తెలుసు.

నువ్వు ఆ ప్లానింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళ పైగా కొలతల గొలుసు లాగావు. మనుషులున్న ఇళ్ళను ఖాళీ అని ఎందుకు రాస్తారు? అలా రాయమని ఏదైనా ఉత్తర్వు ఉండేదా? కాగితం దొరక్కపోయినా ఫరవాలేదు, నోటిమాటైనా చాలు. నీకు గుర్తున్నది రాయి.

నీ చెల్లెలు


ఇంటి నుంచి, వసారా
శుక్రవారం

చెల్లాయీ,

ఉత్తరం అందింది. మీ వదిన మోకాలు అలాగే ఉంది. నూనె రాస్తున్నాను.

నువ్వు అడిగింది నాకు తెలియదు. నేను గొలుసు లాగేవాణ్ణి. గొలుసు లాగేవాడికి ఉత్తర్వులు ఎవరు చూపిస్తారు. పాత సంగతి. చాలామంది పోయారు కూడా.

అక్కడ చలి ఎక్కువ అంటున్నారు. చెవులకు ఏదైనా కట్టుకో.

అన్నయ్య


సభ లైబ్రరీ, కిటికీ పక్క బల్ల
గురువారం

అన్నయ్యా,

నువ్వు రాసింది చదివితే నీ ఉత్తరం కూడా ఊఁ అన్నట్టే ఉంది.

ఇవాళ కమిటీ కూర్చుంది. కాలువ వీధి నుంచి ఒకామెను పిలిపించాను. టైలరు. అందరూ టైలరమ్మ అంటారు. వీధి తరఫున మూడేళ్ళుగా అర్జీలు మోస్తున్నది ఆమే. నీళ్ళ బిల్లులు, కరెంటు బిల్లులు, ఓటరు చీటీ అన్నీ ఒక గుడ్డ సంచిలో తెచ్చింది. ఆ సంచి కూడా తనే కుట్టుకున్నదట. కమిటీ అధ్యక్షుడు ఒక్కొక్కటీ చూసి, ఇవన్నీ మనిషి ఉన్నట్టు రుజువులమ్మా, ఇల్లు ఉన్నట్టు కాదు అన్నాడు. ఆమె కరెంటు బిల్లు ఎత్తి చూపించి, మరి ఈ కరెంటు నేను చెట్టు కింద కూర్చుని కాల్చుకున్నానా సార్ అని అడిగింది. ఒకరిద్దరు నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. రోడ్డు వస్తుందని తెలిసి రాత్రికి రాత్రి గోడలు లేపేవాళ్ళు చాలామంది ఉంటారు అన్నాడు. ఆమెకు యాభై ఆరేళ్ళు. ఇరవై రెండో ఏట నుంచి ఆ ఇంట్లో ఉంది.

తర్వాత నడవాలో ఒక సభ్యుడు నన్ను ఆపి, మేడమ్, మీ బిల్లు పాసైతే మా ఆవిడ వంటింటికి కూడా ప్లాను గీయిస్తుందేమో అన్నాడు. గీయిస్తే మీకూ వంటింటి దారి తెలుస్తుంది అని చెప్పి వచ్చేశాను. ఇలాంటి వాటికి జవాబు చెప్పీ చెప్పీ నోరు అరిగింది. అసలు ప్రశ్న కమిటీలోనే వచ్చింది. ఖాళీ అని ఎందుకు రాశారు అని అధ్యక్షుడు అడిగితే, అది ఆ ఆఫీసు పద్ధతి, ఆడవాళ్ళ ఇళ్ళు రాయొద్దని పైనుంచి ఆదేశం ఉండేది అని చెప్పాను. రుజువు తెస్తానన్నాను. నీ మీద నమ్మకంతో అన్నాను.

అలాంటి మాట నువ్వు వినే ఉంటావు. ఆలోచించు. ఎనిమిది వారాలుంది.

నీ చెల్లెలు


ఇంటి నుంచి
మంగళవారం

చెల్లాయీ,

నన్ను ఇందులోకి లాగకు. పదిమందిలో మాట్లాడడం నాకు చేతకాదు. నీకు తెలుసు.

పక్కన మీ వదిన ఉంది. రాయమంటే రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఈయన అన్నం సరిగా తినడం లేదట, నువ్వేం రాశావో చెప్పమంటే చెప్పడట, అన్నాచెల్లెళ్ళు కలిసి తన కొంప ముంచుతారట. ఇవి ఆవిడ మాటలు. నావి కావు.

అన్నయ్య


సభ్యుల వసతి గృహం
ఆదివారం

అన్నయ్యగారికి,

ప్లానింగ్ ఆఫీసు పాత రికార్డుల గదిలో కాలువ వీధి కొలత పుస్తకం దొరికింది. నకలు తీయించి తెప్పించుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

నలభై ఒక్క గడుల్లో ఖాళీ అని ఉంది. ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది. నాకు అయిదేళ్ళప్పుడు పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన అక్షరాలు. వాటిని గుర్తుపట్టడానికి సంతకం చూడక్కర్లేదు. అయినా చివరి పేజీలో సంతకం కూడా ఉంది.

ఈ నెలన్నరా గొలుసు లాగేవాణ్ణి అని రాశారు మీరు. చలికి చెవులు కట్టుకోమని రాశారు.

ఎవరు చెప్తే రాశారో చెప్పండి. చెప్పకపోతే ఇక ఈ విషయమై నేను రాయను.


ఇంటి నుంచి, వసారా
బుధవారం

చెల్లాయీ,

ఆ రాత నాదే.

ఎవరూ చెప్పలేదు. ఉత్తర్వు లేదు. నోటిమాట లేదు.

సర్వేయరు వీధి మొదట్లో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పైన గొడుగు. గొడుగు సర్వేయరు అనేవాళ్ళం. వీధిలోకి వెళ్ళేది నేనూ ఇంకొకడూ. వాడు గొలుసు అటు చివర పట్టుకునేవాడు. నా రాత బాగుంటుందని పుస్తకం నాకిచ్చారు. ప్రతి గడప ముందూ నిలబడి ఇంటి పెద్ద పేరు అడగాలి. గడిలో రాయాలి. సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

ఆ రోజు మిల్లుకు సెలవు. ఆడవాళ్ళందరూ ఇళ్ళలోనే ఉన్నారు. మొదటి ఇంట్లో ఒక పెద్దాయన వచ్చాడు. పేరు చెప్పాడు. రాశాను. రెండో ఇంట్లో ఒకావిడ వచ్చింది. చేతులు తుడుచుకుంటూ ఏమిటి అని అడిగింది. నాకు నోరు రాలేదు. పెళ్ళయిన ఏడాది దాకా మీ వదినతోనే గోడ వైపు చూసి మాట్లాడినవాణ్ణి. ముక్కూ మొహం తెలియని ఆవిడను నీ పేరేమిటి, నీకు మొగుడున్నాడా అని ఎలా అడగను. వేలు పట్టుకుని ముద్ర ఎలా వేయించను. గొలుసు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆవిడ కాసేపు నిలబడి లోపలికి పోయింది.

గడి రాయకుండా వదిలేస్తే సర్వేయరు పుస్తకం మొహాన కొడతాడు. ఖాళీ అని రాశాను. సాయంత్రం మీ వదినను వెంటబెట్టుకొచ్చి అడిగించి దిద్దుదామనుకున్నాను. మూడో ఇంట్లోనూ ఆడమనిషే. నాలుగోదీ అంతే. అలా వీధి అయిపోయింది.

మర్నాడు వేరే వీధికి పంపారు. పుస్తకం తీసేసుకున్నారు. పైన ఎవరైనా పట్టుకుంటారనుకున్నాను. పట్టుకుంటే తిట్లు తిని దిద్దుదామని ఎదురు చూశాను. సర్వేయరు సంతకం పెట్టాడు. ఆఫీసరు పెట్టాడు. నక్షా గీసేవాడు గీశాడు. అంత వీధిలో నలభై ఇళ్ళు ఖాళీ ఏమిట్రా అని ఒక్కరూ అడగలేదు.

అప్పటినుంచీ ఆ వీధిలో నడవలేదు. బజారుకు చుట్టు తిరిగి పోతాను. నడక ఒంటికి మంచిదని మీ వదినతో చెప్పాను. ఇన్నేళ్ళూ నమ్మింది. నిన్న ఈ సంగతి చెప్పాను. ఇంతవరకూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తిట్టకపోవడం ఇదే మొదటిసారి.

నువ్వు నన్ను మీరు అన్నావు. అను.

అన్నయ్య


సభ్యుల వసతి గృహం
సోమవారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెట్టాను. మొదటి రెండూ నీకు పంపదగ్గవి కావు, చింపేశాను.

నేను కమిటీలో ఆదేశం ఉందని చెప్పాను. ఇప్పుడు అది అబద్ధమైంది. నీ సంగతి బయటపెడితే అధ్యక్షుడు ఏమంటాడో నాకు తెలుసు. ఒక ఉద్యోగి సిగ్గుపడితే దానికి చట్టం ఎందుకమ్మా, అతన్ని మందలిస్తే చాలు అంటాడు. బిల్లు అక్కడితో సరి. బయటపెట్టకపోతే నలభై ఒక్క ఇళ్ళు సరి. గొడుగు సర్వేయరు చెప్పాడని నిన్ను చెప్పమందామా అనిపించింది. అతను చనిపోయాడు, కాదనడానికి లేడు. ఒక పూటంతా అదే ఆలోచించాను. సభలో కూర్చుని అందరికీ నీతులు చెప్పేదాన్ని, ఒక పూట.

తర్వాత ప్లానింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. పేరు చెప్పకుండా అడిగాను. పుస్తకం రాసినవాడే వచ్చి, నేను తప్పు రాశాను, ఈ ఇంట్లో అప్పటికే మనుషులున్నారు అని ప్రమాణం చేసి, తన ముందు ఒక్కో ఇంటినీ చూపిస్తే, ఆ ఇంటిని ప్లానులో ఎక్కిస్తానన్నాడు. ఎక్కితే నోటీసు ఇవ్వాలి, మాట వినాలి. అప్పటిదాకా యంత్రం ముట్టకూడదు. వేరే ఎవరు చెప్పినా చెల్లదట. నలభై ఒక్క మంది చెప్పినా చెల్లదు, నువ్వొక్కడివి చెప్తే చెల్లుతుంది.

బిల్లు సంగతి వదిలెయ్. అది పోతే మళ్ళీ పెడతాను. ఇల్లు మళ్ళీ పెట్టలేను. నీ మీద నాకు కోపం పోలేదు, పోయిందని అబద్ధం రాయను. కానీ ఒక మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. సిగ్గు నీ ఒక్కడిదే. అన్నేళ్ళు ఆ తప్పు ఎవరికీ కనపడకపోవడం నీ ఒక్కడిది కాదు.

వచ్చే శుక్రవారానికి తేదీ తీసుకున్నాను. నాకు ఆ రోజు సభ ఉంది, రాలేను. వెళ్తావా?

నీ చెల్లెలు


ఇంటి నుంచి
ఆదివారం

చెల్లాయీ,

వెళ్తాను.

నిన్న పగలు కాలువ వీధిలోకి వెళ్ళాను. ముందే చూసుకుందామని. మొహాలు గుర్తుంటాయా అని నువ్వు అడగలేదు. నేనే చెప్తున్నాను. మొహాలు చూడలేదు కదా. ఆ రోజంతా కిందికే చూశాను. నాకు గుర్తున్నవి గడపలు.

ఒకదానికి మిల్లు పాత దూలం. మేకుల గుంటలు కూడా అలాగే ఉన్నాయి. ఒక రాతికి కుడి మూల పగులు, దానిలో అప్పుడే ఇనుప రేకు కొట్టారు. ఒకచోట సిమెంటులో చిన్నపిల్ల పాదం అచ్చు. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఇంట్లోనే పిల్లల తల్లి అయి ఉంది, నన్ను చూసి తలుపు వేసుకుంది. ఒక గడప మీద నిలబడ్డ ఆవిడకు కాలి బొటనవేలు పక్క వేలు లేదు. ఇప్పుడూ లేదు. ఇలా ఇరవై ఏడు. ఏ దేవుడి ముందైనా చెప్తాను.

మిగతా పద్నాలుగు మారిపోయాయి. కొత్త సిమెంటు, కొత్త రాయి, ఎత్తు పెంచినవి. బాగుచేసుకున్నారు. వాటిలో ఏది ఏ ఇల్లో నాకు తెలియలేదు. సందులు కూడా మారాయి.

ఒకామె కుట్టు మిషను దగ్గర నుంచి లేచి వచ్చి ఎవరి కోసం బాబాయ్ అంది. టైలరమ్మే అయి ఉంటుంది. కొలతలకి అన్నాను. నేను మగవాళ్ళకు కుట్టను, పిన్నిని పంపు అంది. నవ్వింది. నేను వచ్చేశాను.

ఒకటి అడుగుతున్నాను. ఆఫీసరు ముందు నలభై ఒక్కటీ గుర్తున్నాయని చెప్పొచ్చా. ఆ పద్నాలుగు ఇళ్ళూ అబద్ధం కాదు. నాకు గుర్తుందనడమే అబద్ధం. నాకు చెప్పాలని ఉంది. చట్టం నీకు తెలుసు. ఫోను చేయకు, ఫోనులో ఈ మాట నేను మాట్లాడలేను. రాసి పంపు. శుక్రవారం లోపల అందేలా చూడు.

అన్నయ్య


సభ లైబ్రరీ
బుధవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను, ఆలోచిస్తే రాయలేను.

వద్దు. నిజంగా గుర్తున్నవే చెప్పు. రోడ్డు కాంట్రాక్టరు తరఫున వకీలు వస్తున్నాడు. ఒక్క గడప దగ్గర నువ్వు తడబడితే మొత్తం నలభై ఒక్కటీ కొట్టించేస్తాడు. నేను పంపిన మనిషివని, నా అన్నవని బయటికొస్తుంది. ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడంటే నిన్ను జైల్లో పెడతారు. ఇరవై ఏడింటిని నిలబెట్టు. పద్నాలుగింటికి నేను ఇంకో దారి చూస్తాను.

దారి ఏమిటని అడగకు.

నీ చెల్లెలు


ఇంటి నుంచి
శనివారం పొద్దున

చెల్లాయీ,

నిన్న అయింది. ఇరవై ఏడు ఎక్కాయి.

మీ వదిన కూడా వచ్చింది. మోకాలు నొప్పి అని చెప్పినా వినలేదు. నువ్వొక్కడివే వెళ్తే మళ్ళీ గొలుసు చూసుకుంటావు అంది. ఇన్ని రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

వీధి వీధంతా గడపల మీద నిలబడి ఉంది. పుస్తకం రాసినవాణ్ణి నేనేనని అందరికీ తెలిసిపోయింది. ఎవరూ తిట్టలేదు. చెప్పవయ్యా చెప్పు అన్నట్టు చూశారు. ఆఫీసరు కాగితాలు పట్టుకున్నాడు. వకీలు జీపు పక్కన నీడలో నిలబడ్డాడు. మొదటి గడప దగ్గర నేను చెప్పింది ఆఫీసరుకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాను. మూడోసారి మీ వదిన చెప్పబోతే ఆయనే చెప్పాలి అన్నాడు. నాలుగోసారికి గొంతు వచ్చింది.

వేలు లేని ఆవిడ దగ్గర నేను అది చెప్తే ఆవిడ ఏడ్చింది. ఇంతకాలానికి నా కాలు పనికొచ్చింది అంది.

పద్నాలుగు చోట్ల గుర్తు లేదు అన్నాను.

టైలరమ్మది పద్నాలుగోది. నున్నటి నల్ల రాయి. నిరుడే వేయించిందట. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ రోజు ఈ తలుపు తీసింది నేనే బాబాయ్, నువ్వు గొలుసు పట్టుకుని ఇక్కడే నిలబడ్డావు అంది. ఆఫీసరు ఆగాడు.

"ఒక్కసారి తలెత్తి నా మొహం చూసి చెప్పు" అంది.

ఎత్తాను. చూశాను. నుదుటి మీద మచ్చ ఉంది. మంచి కళ్ళు. నేను అంతకు ముందు వారం తప్ప ఎప్పుడూ చూడని మొహం.

గుర్తు లేదు అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి మిషను చప్పుడు వినిపించింది.

అన్నయ్య


సభ్యుల వసతి గృహం
బుధవారం

అన్నయ్యా,

పదిహేను రోజులు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు.

పద్నాలుగు ఇళ్ళూ సోమవారం పోయాయి. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మీ ఇంటికి రాలేదు. కోర్టు నుంచి ఆపే కాగితం వస్తుందని మధ్యాహ్నం దాకా యంత్రం ముందు నిలబడ్డాను. కాగితం రాలేదు. పోలీసులు మర్యాదగానే పక్కకు తీశారు, మేడమ్ మేడమ్ అంటూనే. ఇరవై ఏడు ఇళ్ళకు విచారణ తేదీ వేశారు. అవి నిలుస్తాయో లేదో తెలియదు. నిలిచినా, వాళ్ళు కిటికీ తెరిస్తే ఎదురుగా కనిపించేది ఆ పద్నాలుగు కుప్పలే.

నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నిన్న ప్లానింగ్ ఆఫీసు నడవాలో ఆఫీసరు కలిశాడు. మంచివాడిలాగే మాట్లాడాడు. ఆ రోజు వకీలు ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. తను కూడా నీ మాటను దేనితోనూ సరిచూడలేదట, సరిచూడడానికి ఏముంది అన్నాడు. పెద్దాయన మనుషులున్నారు అంటే ఉన్నారని రాశాను, గుర్తు లేదు అంటే లేదని రాశాను, నలభై ఒక్కటీ ఉన్నాయంటే అలాగే రాసేవాణ్ణి మేడమ్ అన్నాడు.

నువ్వు చెప్తానన్నావు. నేను వద్దన్నాను. ఆ పద్నాలుగూ నీ సిగ్గుతో పోలేదు. నేను రాసిన ఒక్క మాటతో పోయాయి. నా పేరు, నా సీటు, నా బిల్లు, ఇవన్నీ చూసుకుని వద్దన్నాను. నీకు జైలు అని పైకి రాశాను.

బిల్లు వచ్చే సమావేశాలకు వాయిదా పడింది. కమిటీ నిన్ను సాక్షిగా పిలవొచ్చంటున్నారు. వచ్చే మంగళవారం ఆఖరిసారి కూర్చుంటుంది. నేను నిన్ను రమ్మనను. నిన్ను అడగడానికి నాకు మొహం లేదు. నిజానికి రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను. వదినకు చెప్పకు.

నీ చెల్లెలు


మిల్లు పాత గోదాము, మెట్ల మీద
శుక్రవారం

చెల్లాయీ,

నీ ఉత్తరం, వద్దు అని రాసింది, నాకు శనివారం మధ్యాహ్నం అందింది. ప్రమాణం శుక్రవారమే అయిపోయింది. నీకు రాసిన ఉత్తరం కూడా అప్పటికే డబ్బాలో పడింది. గుర్తు లేదన్నది నువ్వు చెప్పావని కాదు. నలభై ఒక్కటీ అందామనే ఇంట్లోంచి బయల్దేరాను. దారిలో మీ వదినకూ చెప్పాను. అనమంది. అక్కడికి వెళ్ళాక నోరు రాలేదు. ఒకసారి ఆ పుస్తకంలో లేనిది రాశాను. రెండోసారి నా చెయ్యి ఆడలేదు. అది మంచో చెడో నాకు తెలియదు. కానీ నాది. నువ్వు తీసుకోకు.

రాజీనామా కాగితం చింపెయ్యి. నీకు అలవాటే కదా చింపడం.

ఈ మెట్ల మీద ఎందుకున్నానంటే, వాళ్ళు పద్నాలుగు మందీ ఇప్పుడు ఈ గోదాములో ఉన్నారు. గుడ్డలు అడ్డం కట్టుకుని. నిన్నా మొన్నా వచ్చాను. ఒక్కొక్కరి ముందూ నిలబడి పేరు అడిగాను. మీ వదిన బయటే కూర్చుంది. నేనే అడిగాను. పదకొండు మంది చెప్పారు. ఇద్దరు అటు తిరిగి కూర్చున్నారు. వాళ్ళ పేర్లు పక్కవాళ్ళు చెప్పారు.

టైలరమ్మ మొదటి రోజు చెప్పలేదు. ఖాళీ అనే రాసుకో బాబాయ్, ఇప్పుడు తప్పు కాదు అంది. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. అంచు మడుస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది, ఇంటిపేరుతో సహా. రాసి చూపించాను. చూసింది. "రాత బాగుంది బాబాయ్" అంది. తిట్టి ఉంటే ఇక్కడ నుంచి లేచి ఇంటికి పోయేవాణ్ణి.

ఎవరూ పిలవకపోయినా మంగళవారం వస్తున్నాను. సోమవారం బస్సు ఎక్కుతాను. ఉత్తర్వు లేదని చెప్తాను. సిగ్గు అని చెప్తాను. నవ్వుతారు. నవ్వాక, మరి మీరంతా ఎందుకు చూడలేదు అని అడుగుతాను. ఒక్క గొలుసువాడు తల దించుకుంటే నలభై ఒక్క ఇళ్ళు పోయే పద్ధతి ఉంటే, రేపు ఇంకొకడు దించుకుంటాడు. ఈ వాక్యం మీ వదినతో కూర్చుని రాసుకున్నాను. నిన్నటి నుంచీ గోడ ముందు చదువుతున్నాను. అయిదారు మాటల దగ్గర ఆగిపోతున్నాను. ఆగినా మళ్ళీ మొదలుపెడతాను.

ముందు ఈ పద్నాలుగు పేర్లూ చదవనివ్వమను. తర్వాత ఏదైనా అడగమను.

ఒకటి. ఆ గదిలో నువ్వు నాకు ఎదురుగా కూర్చోకు. వెనకెక్కడైనా కూర్చో. నిన్ను చూస్తే తల దించేస్తాను.

అన్నయ్య